నిరుద్యోగుల పట్టీకి ఎక్కని యువజనులు

మోతీనగర్: దేశంలో నిరుద్యోగం తగ్గుముఖం పట్టిందని అధికార గణాంకాలు చెబుతున్నాయి. కేంద్ర గణాంక శాఖ జరిపే శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగం 2023-24 నాటికి 3.2 శాతానికి దిగింది. అంటే పనికి సిద్ధంగా ఉన్న ప్రతి వందమందిలో ముగ్గురికి మాత్రమే పని దొరకడం లేదన్న మాట. కాని ఏ పనిదినమైనా సరే, ఉదయం పదకొండు గంటల వేళ మోతీనగర్, బోరబండ సందుల్లో నడిచి చూసినవారికి ఈ మాట ఒక పట్టాన మింగుడుపడదు. టీ బండి దగ్గర, సెల్‌ఫోన్ దుకాణం అరుగుమీద, ఇళ్ళ గుమ్మాల్లో, మేడ మెట్లమీద పనీ చదువూ రెండూ లేకుండా కాలం వెళ్ళబుచ్చుతున్న యువతీ యువకులు ఆ వేళకు కనిపిస్తూనే ఉంటారు.

ఇందులో ఏది నిజం? అంకె అబద్ధమా, కళ్ళకు కనిపించేది అబద్ధమా? నిజానికి రెండూ అబద్ధం కావు. ఆ అంకె జవాబిచ్చే ప్రశ్న వేరు, బస్తీలోని తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న వేరు. పని వెతుక్కుంటూనో, పని ఇస్తే చేయడానికి సిద్ధంగానో ఉండి కూడా పని దొరకనివారు ఎందరన్నదే సర్వే చెప్పే నిరుద్యోగం. మా పిల్లలు చదువులోనూ లేరు, పనిలోనూ లేరు, వాళ్ళను ఎవరు లెక్కపెడుతున్నారన్నది తల్లిదండ్రుల ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల మధ్య లక్షలాది యువజనులు జారిపోతున్నారు.

రెండు దిక్కులు, రెండు ఆశలు

మోతీనగర్ ఉన్నచోటు విచిత్రమైనది. దీనికి ఒకవైపు సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాలు. ఇంకొకవైపు రహమత్‌నగర్, యూసఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా వెళితే జూబ్లీహిల్స్, ఫిలింనగర్. ఒక తరంలో ఇక్కడి యువకుల చూపు ఫ్యాక్టరీ సైరన్ వైపు ఉండేది. 1942లో మొదలై బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు తయారుచేసిన సనత్‌నగర్ ఆల్విన్‌లోనో, మందులు తయారుచేసే బాలానగర్ ఐ.డి.పి.ఎల్.లోనో నౌకరీ వచ్చిందంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి పదిమంది ముందుకు వచ్చేవారు. 1990 దశకంలో ఆల్విన్ చేతులు మారి చెదిరిపోయింది. ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పడింది. వాటి చుట్టూ అల్లుకున్న చిన్న వర్క్‌షాపుల్లో కొన్ని నిలిచాయి, మరికొన్ని మూతబడ్డాయి. తండ్రి రిటైరైన నౌకరీ వంటిది కొడుకుకు దొరికే రోజులు పోయాయి.

అదే కాలంలో రెండో దిక్కున వేరే ఆశ మొలిచింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైనప్పటి నుంచి తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా మద్రాసు వదలి హైదరాబాదు చేరుకుంది. స్టూడియోలతోపాటు కెమెరా, లైట్లు, మేకప్, కాస్ట్యూమ్స్, సెట్టింగులు, ప్రొడక్షన్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు అంటూ 24 శాఖల శ్రమ కూడా వచ్చింది. వారిలో ఎక్కువమందికి కొండమీది జూబ్లీహిల్స్‌లో ఇల్లు దొరకదు. కింద కృష్ణానగర్‌లో, యూసఫ్‌గూడలో, ఇంకా అద్దె తక్కువని మోతీనగర్, బోరబండలలో గదులు దొరుకుతాయి. ఆ విధంగా సినిమా అవకాశంకోసం జిల్లాలనుంచి వచ్చిన కుర్రవాళ్ళూ, పుట్టి పెరిగిన బస్తీ పిల్లలూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటున్నారు.

ఫ్యాక్టరీ నౌకరీకి హాజరుపట్టీ ఉండేది. పని ఉన్నవాడెవడో లేనివాడెవడో ఆ పట్టీ చూస్తే తెలిసేది. సినిమా పనికి అటువంటి పట్టీ లేదు. నేడు కాల్‌షీట్ ఉంటుంది, రేపు ఉండదు. లెక్క తప్పడం మొదలయ్యేది ఇక్కడే.

ఒక ఇల్లు, నలుగురు పిల్లలు

ఈ లెక్క ఎలా జరుగుతుందో తెలియాలంటే ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకోవడం మంచిది. మోతీనగర్‌లో ఏ సందులోనైనా ఉండదగిన ఇల్లే అది. రెండు గదులు. నలుగురు పిల్లలు, అందరూ 18 నుంచి 28 ఏళ్ళ లోపువారే. సర్వే ఉద్యోగి వచ్చి తలుపు తట్టాడనుకుందాం.

పెద్దవాడు జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీనుకో, కోర్టు సీనుకో, గుంపులో నిలబడడానికో పిలుపు వస్తే వెళతాడు. పోయిన వారంలో ఒక పూట షూటింగ్ ఉంది. మిగతా ఆరు రోజులూ ఫోను మోగుతుందేమోనని కూర్చున్నాడు. సర్వేలో వాడే వారపు లెక్క ప్రకారం ఏడురోజుల్లో ఏ ఒక్కరోజైనా కనీసం ఒక గంట పని చేసినవాడు పనివాడే. కనుక ఇతడు నిరుద్యోగి కాడు. సంవత్సరపు లెక్క తీసుకున్నా అంతే. ఏడాదిలో ఎక్కువరోజులు పనిలేక తిరిగినా సరే, 30 రోజులకు తగ్గకుండా ఏదో ఒక పని చేసి ఉంటే ఉపాధి పొందినవారి ఖాతాలోనే పడతాడు. పైన చెప్పిన 3.2 శాతం ఈ సంవత్సరపు లెక్కనుంచి వచ్చినదే.

రెండోవాడు డిగ్రీ ముగించి గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాడు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం కూడా పని వెతకడం కిందికే వస్తుంది. కనుక ఈ ఇంట్లో నిరుద్యోగిగా నమోదయ్యేది ఇతడొక్కడే.

మూడో సంతానం ఆడపిల్ల. బి.కాం. పాసైంది. తెల్లవారుజామున నీళ్ళు పట్టడం మొదలు రాత్రి గిన్నెలు తోమేవరకు ఇంటి పనంతా ఆమెదే. ఉద్యోగం వెతుకుతున్నావా అని ఎవరూ అడగలేదు. సర్వే ఉద్యోగి వచ్చినప్పుడు కూడా జవాబు చెప్పింది తండ్రే, ‘ఇంట్లోనే ఉంటుంది’ అని. సర్వే ఫారంలో ఇందుకు 92 అనే కోడ్ ఉంది. కేవలం ఇంటిపనులు చేసేవారు అని దాని అర్థం. ఆ కోడ్ పడినవారు శ్రామిక శక్తికి వెలుపల ఉన్నట్లు. నిరుద్యోగుల లెక్కలో ఆమె ఉండదు.

చివరివాడు ఇంటర్ తప్పాడు. మళ్ళీ కట్టలేదు. పని వెతకడం లేదు, ఇంటిపని చేయడు. ఇటువంటివారికి ఫారంలో 97 అనే కోడ్, ‘ఇతరులు’ అని ఉంది. అతడూ శ్రామిక శక్తికి వెలుపలే. నిరుద్యోగుల లెక్కలో అతడూ ఉండడు.

తండ్రి దృష్టిలో నలుగురు పిల్లలూ స్థిరపడనివారే. సర్వే దృష్టిలో ఒకడు పనివాడు, ఒకడు నిరుద్యోగి, ఇద్దరు వెలుపలివారు. వెలుపలివారిని లెక్కకు తీసుకోకుండానే నిరుద్యోగ శాతం కడతారు. కనుక గ్రూప్ పరీక్షల కుర్రవాడు విసిగి వేసారి దరఖాస్తులు మానేసి ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంట్లో నిరుద్యోగం పూర్తిగా ‘తొలగిపోయినట్లు’ అవుతుంది. ఎవరికీ కొత్తగా పని దొరక్కపోయినా అంకె మాత్రం మెరుగుపడుతుంది.

నీట్ అంటే డాక్టరు పరీక్ష ఒక్కటే కాదు

ఈ లోపాన్ని గణాంక శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. ఉద్యోగంలో గాని, చదువులో గాని, శిక్షణలో గాని లేని యువజనులను విడిగా లెక్కించే పద్ధతి 1990 దశకంలో బ్రిటన్‌లో పుట్టింది. 1999లో అక్కడి ప్రభుత్వ నివేదికతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. ఆంగ్ల మాటల మొదటి అక్షరాలు కలిపి దానిని ‘నీట్’ అన్నారు. స్పెయిన్‌లో ఇటువంటి యువజనులను ‘ని-ని’ అంటారు. అదీ లేదు, ఇదీ లేదు అని. తెలుగు ఇళ్ళలో నీట్ అంటే మెడికల్ సీటు పరీక్ష కావడంతో ఈ రెండో నీట్ గురించి మాట్లాడేవారే కరువయ్యారు. మొదటి నీట్‌కు ఫలితాలు ప్రకటిస్తారు, ర్యాంకులు పత్రికల్లో వేస్తారు. రెండో నీట్‌లో ఉన్నవారి పేర్లు ఎక్కడా అచ్చుకావు.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన అభివృద్ధి లక్ష్యాలలో 15 నుంచి 24 ఏళ్ళవారిలో ఇటువంటి యువజనుల శాతాన్ని తగ్గించడం కూడా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో ఈ వయసువారిలో 20.4 శాతం చదువు, పని, శిక్షణ ఏదీ లేకుండా ఉన్నారు. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. యువకులలో 13.1 శాతమైతే, యువతులలో 28.1 శాతం.

భారతదేశం పరిస్థితి ఇంతకంటే ఆందోళనకరం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన ఉపాధి నివేదిక ప్రకారం 2022లో దేశంలోని యువకులలో 9.8 శాతం ఈ స్థితిలో ఉండగా, యువతులలో 48.4 శాతం ఉన్నారు. దాదాపు ప్రతి ఇద్దరు యువతులలో ఒకరు. నిరుద్యోగం 3 శాతమన్న మాట, యువతులలో 48 శాతం చదువుకూ పనికీ వెలుపల ఉన్నారన్న మాట రెండూ అధికార సర్వేల వివరాలమీద ఆధారపడినవే. ఒకటి పత్రికల మొదటి పేజీకి ఎక్కింది, రెండోది ఎక్కలేదు.

చదివినకొద్దీ నిరీక్షణ

యువజనుల వరకే తీసుకుంటే అధికార నిరుద్యోగ శాతం కూడా చిన్నదేమీ కాదు. 2023-24 సర్వేలో 15 నుంచి 29 ఏళ్ళ వారిలో దేశం మొత్తంమీద నిరుద్యోగం 10.2 శాతం. తెలంగాణలో 16.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 17.5 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటుకంటే చాలా పైన ఉన్నాయి. బీద రాష్ట్రాలకంటే కాస్త కలిగిన రాష్ట్రాలలో ఈ శాతం ఎక్కువ ఉండడం మొదట వింతగా తోచవచ్చు. కాని కారణం స్పష్టమే. కూలికిపోక గడవని ఇంట్లో కుర్రవాడు నిరుద్యోగిగా ఉండలేడు. ఏదో ఒక పనిలో దూరి పనివాడవుతాడు. ఇంట్లో ఒక ముద్ద ఉండి, చేతిలో డిగ్రీ ఉన్నవాడే తగిన ఉద్యోగంకోసం ఆగగలడు. నిరుద్యోగుల పట్టీలోకి ఎక్కాలన్నా కొంత ఆధారం కావాలన్న మాట. పైన పేర్కొన్న నివేదిక ప్రకారం దేశంలోని మొత్తం నిరుద్యోగులలో సెకండరీ ఆ పైన చదివిన యువజనుల వాటా 2000లో 54.2 శాతం ఉండగా 2022లో 65.7 శాతానికి పెరిగింది.

ఆ ఆగడం ఎన్నాళ్ళు? తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత మొదటి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వెలువడింది. ఆ ఏడాది అక్టోబరులో జరిగిన ప్రిలిమినరీ ప్రశ్నపత్రాల లీకేజి కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను ఉపసంహరించి 563 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమినరీ, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ఆ ఫలితాలు 2025లో తిరిగి న్యాయస్థానాలకెక్కాయి. గ్రూప్-2 సంగతీ ఇంతే. 2022 డిసెంబరులో 783 పోస్టులకు ప్రకటన వచ్చింది. వాయిదామీద వాయిదా పడి 2024 డిసెంబరులో గాని పరీక్ష జరగలేదు.

గణాంకాల దృష్టితో చూస్తే ఈ జాప్యంలో మరో విషయం దాగి ఉంది. 2022లో 27 ఏళ్ళ వయసుతో దరఖాస్తు పెట్టిన అభ్యర్థికి 2025లో 30 నిండుతాయి. సర్వే లెక్కలో యువజనులంటే 15 నుంచి 29 ఏళ్ళవారే. కనుక ఉద్యోగం రాకుండానే ఆ అభ్యర్థి యువజన నిరుద్యోగుల పట్టీనుంచి తొలగిపోతాడు. అభ్యర్థుల గోడు విని 2024లో ప్రభుత్వం గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్ళకు పెంచింది. పరీక్షకు కూర్చునే అర్హత 46 వరకు సాగింది, యువజనుడన్న లెక్క 29తోనే ఆగింది. ఈ మధ్యలోని పదిహేడేళ్ళ నిరీక్షణకు గణాంకాల్లో పేరే లేదు.

సమ్మె రోజుల్లో ఏమైంది

సినిమా కార్మికుల విషయంలో లెక్క ఎంత పలుచనో 2025 ఆగస్టు బయటపెట్టింది. వేతనాలు 30 శాతం పెంచాలని కోరుతూ చలనచిత్ర కార్మికుల ఫెడరేషన్ ఆ నెల 4వ తేదీనుంచి పనులు నిలిపివేసింది. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. చివరకు ప్రభుత్వం కల్పించుకోగా, రోజుకు రూ. 2000 లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్ళలో విడతలవారీగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది.

ఆ రోజుల్లో కృష్ణానగర్‌లో గాని, మోతీనగర్‌లో గాని సర్వే ఉద్యోగి ఒక లైట్‌మన్ ఇంటి తలుపు తట్టి ఉంటే ఏమి రాసుకునేవాడు? నెలజీతపు ఉద్యోగి సమ్మెలో ఉంటే ‘ఉద్యోగం ఉంది, కాని వారంలో పని చేయలేదు’ అని రాయడానికి ఫారంలో కోడ్ ఉంది. అతడు పనివాడి కిందనే లెక్క. రోజుకూలికి ఆ సౌకర్యం లేదు. సమ్మె రోజుల్లో అతడికి ఉద్యోగమే లేనట్లు లెక్క. ఇరవై ఏళ్ళుగా అదే పరిశ్రమలో, అదే లైట్లు మోస్తున్నా సరే. సమ్మె ముగిసిన వారం ఒక్క పూట పిలుపు వస్తే మళ్ళీ పనివాడే. రోజుకూలి బ్రతుకులో ఉద్యోగమనేది ఒక స్థితి కాదు, ఒక రోజు మాత్రమేనని ఆ ఫారం చెప్పకనే చెబుతున్నది.

నిరుద్యోగంమీద తెలుగులో చిత్రాలు రాకపోలేదు. 1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’ చదువుకున్న నిరుద్యోగి కథే. కాని ఆ చిత్రాలు తీసే పరిశ్రమ చుట్టూ కాల్‌షీటు కోసం కాచుకుని ఉన్న యువకుడు ఉద్యోగా, నిరుద్యోగా అన్న ప్రశ్నకు నేటికీ సరైన జవాబు లేదు.

అందరికంటే వెలుపల ఆడపిల్ల

అయినా ఈ నలుగురిలో అందరికంటే ఎక్కువగా మరుగున పడినది ఆ ఇంటి ఆడపిల్లే. పెద్దవాడి పేరు యూనియన్ కార్డులో ఉండవచ్చు. రెండోవాడి పేరు హాల్ టికెట్‌మీద ఉంది. చివరివాడిగురించి తల్లిదండ్రులు రోజూ గొడవపడుతూనే ఉంటారు. ఆడపిల్లగురించి గొడవ లేదు. ఆమె ఇంట్లో ఉండడం ఎవరికీ సమస్యగా తోచలేదు.

ఆమె ఖాళీగా ఉన్నదా అంటే అదీ లేదు. కేంద్రం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నట్లు తేలింది. మగవాళ్ళు 88 నిమిషాలు. ఆమె చేసే అయిదు గంటల పనికి కూలి లేదు కనుక అది పని కాదు. ఆమె బయటకు వెళ్ళి పని వెతకడం లేదు కనుక ఆమె నిరుద్యోగి కాదు.

పనిమీద ఆమెకు ఇష్టం లేదని చెప్పడానికీ వీల్లేదు. ఇంటిపనికే పరిమితమైన ఆడవాళ్ళను, ఇంటివద్దనే చేసుకోగల పని దొరికితే చేస్తారా అని నమూనా సర్వే 2011-12లో అడిగింది. సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరు చేస్తామన్నారు. ఎక్కువమంది కోరుకున్నది కుట్టుపని. ప్రశ్న అడిగితే జవాబు ఉంది. అడగడమే లేదు.

2017-18లో 23.3 శాతంగా ఉన్న మహిళల శ్రామిక భాగస్వామ్యం 2023-24 నాటికి 41.7 శాతానికి పెరిగిందని ప్రభుత్వం చెబుతున్నది. పెరిగిన మాట వాస్తవం. అయితే ఆ పెరుగుదలలో పెద్దభాగం గ్రామాలలోనిది. పొలంలో, పాడిలో, కుటుంబపు చిన్న వ్యాపారంలో జీతం లేకుండా చేయివేసే సహాయకులూ అందులో ఉన్నారు. పట్టణాలలో ఈ భాగస్వామ్యం 28 శాతమే. పొలం ఉన్న ఊళ్ళో ఇంటి ఆడపిల్ల పొలానికి వెళితే శ్రామికురాలవుతుంది. మోతీనగర్‌లో పొలం లేదు. అద్దెగది ఉంది, కుళాయి ఉంది, వంటపొయ్యి ఉంది. కనుక ఇక్కడ ఆమెకు మిగిలింది 92వ కోడ్.

2023 డిసెంబరునుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం అమలులో ఉంది. బస్సు చార్జీ లేక పనికి పోలేకపోతున్న ఆడపిల్లకు అది మేలే. కాని రాత్రి షిఫ్టు ముగిశాక బస్టాపునుంచి ఇంటివరకు సందులో వీధిదీపం వెలుగుతుందా, తమ్ముడికి ఎవరు అన్నం పెడతారు, పెళ్ళిచూపులవారు ఏమంటారు అన్న ప్రశ్నలకు బస్సు జవాబు చెప్పదు.

ఇతర దేశాలు చేసినదేమిటి?

2008 తర్వాతి ఆర్థిక సంక్షోభంలో యూరపులో ఇటువంటి యువజనుల సంఖ్య విపరీతంగా పెరిగింది. 2013లో యూరోపియన్ యూనియన్ దేశాలు ‘యువజన హామీ’ పేరిట ఒక నియమం పెట్టుకున్నాయి. 25 ఏళ్ళలోపు వ్యక్తి చదువునుంచి గాని ఉద్యోగంనుంచి గాని బయటపడిన నాలుగు నెలల్లోగా అతనికి ఉద్యోగమో, తిరిగి చదువో, అప్రెంటిస్‌షిప్పో, శిక్షణో చూపించాలన్నది ఆ నియమం. 2020లో వయోపరిమితిని 30 ఏళ్ళలోపుకు పెంచారు. 2024లో అక్కడ 15 నుంచి 29 ఏళ్ళవారిలో పనీ చదువూ శిక్షణా లేనివారు సుమారు 11 శాతం. అన్నిచోట్లా హామీ నెరవేరిందని కాదు. కాని నాలుగు నెలల గడువు పెట్టుకున్నాక ఆ వ్యక్తి ఎవరో, ఏ వీధిలో ఉన్నాడో తెలుసుకోక తప్పదు. స్థానిక కార్యాలయాలు పేరుపేరునా వెతకవలసి వచ్చింది.

మన దేశంలోనూ ఆ దిశగా ఒక అడుగు పడకపోలేదు. 2024 అక్టోబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో 21 నుంచి 24 ఏళ్ళ వయసు ఉండి, పూర్తికాలపు ఉద్యోగంలోనూ చదువులోనూ లేనివారే అర్హులన్నారు. నెలకు రూ. 5000 భత్యం. పథకం పేరు ఏమైనా, అది ఉద్దేశించింది సరిగ్గా ఈ వెలుపలివారినే. అదే ఏడాది రాష్ట్రంలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్శిటీకి చట్టం వచ్చింది. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉండనే ఉంది. చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 1960 దశకంనుంచి యూసఫ్‌గూడలోనే పనిచేస్తున్నది. అయితే ఇవన్నీ దరఖాస్తు పెట్టుకున్నవారికి అందేవి. ఎవరైతే దరఖాస్తు పెట్టడం మానేశారో, ఎవరికైతే దరఖాస్తు పెట్టే అవకాశమే రాలేదో, వారి ఇంటికి ఈ పథకాలు నడచి రావు.

వెనుకటి రోజుల్లో టెన్త్ పాసవగానే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకోవడం ప్రతి ఇంటా ఆనవాయితీ. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, ఫలానా జిల్లాలో ఫలానా చదువు చదివిన ఇంతమంది ఎదురుచూస్తున్నారని ఒక రిజిస్టరు చెప్పేది. ఆ కార్డును రెన్యూ చేయించడానికి క్యూలో నిలబడిన తరం నేటి తల్లిదండ్రులదే. ఆ రిజిస్టరుకు బోలెడు లోపాలు ఉండేవి. ఉద్యోగం వచ్చినవారి పేర్లూ అందులో అలాగే ఉండిపోయేవి. అయినా దానిలో పేర్లు ఉండేవి. నేటి సర్వేలలో శాతాలు తప్ప పేర్లు లేవు.

చేయదగినది

శ్రామిక శక్తి సర్వేను 2025 జనవరినుంచి మార్చారు. నెలనెలా ఫలితాలు వెలువడుతున్నాయి. నమూనా ఎంపికకు జిల్లానే మూలప్రాతిపదికగా తీసుకుంటున్నారు. ఇది హర్షించదగినదే. అయినా నమూనా సర్వేనుంచి హైదరాబాదు జిల్లా పరిస్థితి తెలుస్తుందేమోగాని బోరబండ, మోతీనగర్ బస్తీల సంగతి తెలియదు. 2011 తర్వాత ఆగిపోయిన జనగణనకు 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా నిర్ణయమైంది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుటుంబ సర్వే జరిపింది. అందులో చదువు, వృత్తి వివరాలు సేకరించారు. కొత్తగా ఖర్చుపెట్టి మరో సర్వే చేయనక్కరలేదు. ఉన్న కాగితాలలోనుంచే 18 నుంచి 29 ఏళ్ళ మధ్య ఉండి చదువులోనూ పనిలోనూ లేనివారి సంఖ్యను డివిజన్‌వారీగా తీసి ప్రకటించవచ్చు. ఎవరి పేరూ బయటపెట్టవలసిన పని లేదు. ఈ డివిజన్‌లో ఇంతమంది, అందులో ఆడపిల్లలు ఇంతమంది అని చెబితే చాలు.

ఆ సంఖ్య చేతిలో ఉంటే కొన్ని పనులు వాటంతటవే తేలికవుతాయి. ఇంటర్ తప్పిన పిల్లవాడు మళ్ళీ పరీక్ష కట్టలేదని కళాశాలకు ఆ ఏడాదే తెలుస్తుంది. అప్పుడే ఇంటికి ఒక మనిషి వెళితే అతడు ‘ఇతరుల’ ఖాతాలో పడకుండా ఆపవచ్చు. కుట్టుపని, కంప్యూటర్ బిల్లింగ్ వంటి శిక్షణ నగరం అవతలిమూల కాకుండా బస్తీలోని కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నం వేళ పెడితే ఇంటిపని ముగించుకున్న ఆడపిల్ల రాగలుగుతుంది. స్టూడియోలలో పనిచేసేవారికి ఏడాదికి ఎన్ని కాల్‌షీట్లు దొరికాయో యూనియన్లద్వారా నమోదు చేయిస్తే, గంట పనికీ పూర్తి బ్రతుకుతెరువుకూ తేడా కాగితంమీదే కనిపిస్తుంది. పరీక్షల తేదీలు ప్రకటించి ఆ తేదీకే జరిపితే, ఫలితం ఏదైనా, యువకుడికి తన దారి తాను చూసుకునే వ్యవధి మిగులుతుంది.

నిరుద్యోగం 3 శాతమా, 5 శాతమా అని పాలక ప్రతిపక్షాలు వాదించుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆ వాదనలో ఎవరు గెలిచినా మోతీనగర్ ఇంటిలోని బి.కాం. అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే ఆ 3లోనూ ఆమె లేదు, ఆ 5లోనూ లేదు. సర్వే ఉద్యోగి ఈసారి వచ్చినప్పుడు తండ్రిని కాక ఆమెనే పిలిచి, నీకు పని చేయాలని ఉందా అని ఒక్కమాట అడిగితే, లెక్క అక్కడినుంచి సరికావడం మొదలవుతుంది.